తప్పు లెక్కను చదవడం: డీఎల్ఎడ్ చేస్తున్నవాళ్లకు గణితం ప్రిపరేషన్

ఇంటర్‌లో బైపీసీయో హెచ్‌ఈసీయో చదివి డీఎల్ఎడ్‌లో (ప్రాథమిక టీచర్ల శిక్షణలో) చేరినవాళ్లు చాలామంది మొదటి పరిచయంలోనే నాతో ఒక మాట అంటారు. "లెక్కలు తప్ప ఏదైనా ఇవ్వండి మేడం, చెప్పేస్తాం." ఎస్జీటీ (ప్రాథమిక బడి టీచరు) ఉద్యోగంలో ఆ వీలు లేదు తల్లీ. తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ మీరే చెప్పాలి. పిల్లలు తక్కువున్న బడిలో అయితే రెండు మూడు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఈ పోస్టులకు బీఈడీ చెల్లదు కాబట్టి, ఒకటో తరగతి పిల్లకి మొదటిసారి లెక్క నేర్పే పని పూర్తిగా మీ మీదే పడింది.

నేను విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. టీచింగ్ ప్రాక్టీస్‌కి ఏటా ఛాత్రోపాధ్యాయులు వస్తారు. వాళ్లు పాఠం చెబుతుంటే వెనక కూర్చుని చూసి రాయడం నా పని. లెక్కల పీరియడ్‌లో నేను చూసేది ఒక్కటే. పిల్లవాడు పలక మీద తప్పు జవాబు రాసి చూపించినప్పుడు టీచరు ఏం చేస్తుంది? "తప్పు, మళ్లీ చెయ్" అంటుందా, లేక ఆ అంకెల్ని చూసి వాడు ఎక్కడ దారి తప్పాడో పట్టుకుంటుందా? రెండోది వచ్చినవాళ్లు పదో తరగతిలో అత్తెసరు మార్కులు తెచ్చుకున్నా మంచి టీచర్లు అవుతున్నారు. కాబట్టి కింద నేను చెప్పే ప్రిపరేషన్ అంతా తప్పు లెక్కల చుట్టూ తిరుగుతుంది.

పరీక్ష సంగతి ముందే తేల్చేద్దాం

టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) పేపర్ వన్‌లో 150 ప్రశ్నలు, అందులో గణితానివి 30. టైము 150 నిమిషాలు, అంటే ప్రశ్నకు నిమిషం. నెగెటివ్ మార్కులు లేవు. టెట్ మార్కులకు డీఎస్సీలో (టీచర్ల నియామక పరీక్షలో) 20 శాతం వెయిటేజీ ఉంటుంది. అందుకని టెన్షన్ పడడం సహజమే. పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని చేయండి, వేగం దానితోనే వస్తుంది.

అయితే కోచింగ్‌లో చెప్పే షార్ట్‌కట్లు పరీక్ష హాలు గుమ్మం దాకానే పనికొస్తాయి. ఒక సంవత్సరం మా బడికి వచ్చిన అమ్మాయి చక్రవడ్డీ లెక్క నోటితో చెప్పేసేది. డబ్బు కట్టి నేర్చుకున్న విద్య. మూడో తరగతి కుర్రాడు "గుణకారంలో రెండో వరస చివర ఆ ఇంటూ గుర్తు ఎందుకు పెడతారు టీచర్?" అని అడిగితే "రూల్ అంతే నాన్నా" అంది. వాడు మళ్లీ ఆమెను ఇంకేమీ అడగలేదు. ఆ ప్రశ్నకు జవాబు కాస్సేపట్లో చూద్దాం.

బోధనా పద్ధతుల ప్రశ్నలకు నిర్వచనాలు బట్టీ పట్టకండి, ఒక్కో పేరుకి ఒక్కో ఉదాహరణ పెట్టుకోండి. నాలుగైదు త్రిభుజాలు గీయించి, కోణాలు కొలిపించి, మొత్తం 180 డిగ్రీలు వస్తోందని పిల్లలతోనే అనిపిస్తే ఆగమన పద్ధతి. సూత్రం ముందు చెప్పి లెక్క చేయిస్తే నిగమన పద్ధతి. లెక్కను సాధించడానికి గణితవేత్త పోల్యా చెప్పిన నాలుగు మెట్లు: సమస్య అర్థం చేసుకోవడం, పథకం వేసుకోవడం, దాన్ని అమలు చేయడం, చేసినదాన్ని వెనక్కి తిరిగి చూడడం. మన తరగతుల్లో నాలుగో మెట్టు ఎప్పుడూ ఎగిరిపోతుంది. గంట కొట్టేస్తారు.

రెండు పేజీల నోట్‌బుక్

ఒకటి నుంచి ఐదు తరగతుల గణితం పుస్తకాలు సంపాదించండి. పక్కింటి పిల్లలవి పాతవైనా పరవాలేదు. ఇంట్లో కుదరకపోతే ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, కూర్చుని చేసుకోవచ్చు. సెల్‌ఫోన్ కాలిక్యులేటర్ జోలికి పోకండి. ఒక లాంగ్ నోట్‌బుక్ తెరిచి, ఎడమ పేజీలో లెక్క చేయండి. కుడి పేజీలో "ఈ లెక్కకు పిల్లలు ఏయే తప్పు జవాబులు తెస్తారు, ఎందుకు?" అని రాయండి. ఎడమ పేజీ రెండు నిమిషాల్లో అయిపోతుంది. కుడి పేజీకి పావుగంట పడుతుంది, కొన్నిసార్లు అరగంట కూడా. మీ ప్రిపరేషన్ జరిగేది ఆ పేజీ మీదే.

ఒక లెక్కను పూర్తిగా చేసి చూపిస్తాను.

402 లోంచి 178 తీసేయాలి. జవాబు 224. ఇదే లెక్కకు మా నాలుగో తరగతిలో వచ్చే జవాబులు ఇవి: 376, 274, 134, 204.

376 రాసిన పిల్లని పిలిచి అడిగితే "రెండులోంచి ఎనిమిది పోదు కదా టీచర్, అందుకని ఎనిమిదిలోంచి రెండు తీసేసాను" అంటుంది. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసింది. కూడికలో అంకెల్ని అటూ ఇటూ మార్చినా పరవాలేదు కదా, తీసివేతలో కూడా అంతే అనుకుంది.

274 రాసినవాడు వందల దగ్గర నాలుగుని మూడు చేసి, ఆ తెచ్చినదాన్ని నేరుగా ఒకట్లలో కలిపాడు. పన్నెండులోంచి ఎనిమిది పోతే నాలుగు. పదుల్లో సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి ఏడే రాసేశాడు. 204 వచ్చినవాడు కూడా అలాగే చేశాడు, కాకపోతే సున్నాలోంచి ఏం తీసినా సున్నాయే మిగులుతుందన్నాడు.

అన్నిటికన్నా ఆసక్తికరమైంది 134. ఈ పిల్లకి సగం పైగా వచ్చు. ఒకట్ల కోసం వందల దగ్గరకి వెళ్లింది, పదుల కోసం మళ్లీ వెళ్లింది, నాలుగు కాస్తా రెండయింది. తీసివేతలు అన్నీ సరిగ్గా చేసింది. మరి 224కీ 134కీ తేడా ఎంత? 90. వంద తీసుకుని ఒకట్లకి పదే ఇచ్చింది, మిగతా 90 దారిలో పోయింది. ఆ 90 ఎక్కడికి పోయిందో ఆ పిల్లే వెతుక్కునేలా చేస్తే మీరు టీచరు. అంతా చెరిపేసి మళ్లీ మీరే బోర్డు మీద చేసి చూపిస్తే, ఆ అమ్మాయి కాపీ చేసుకుంటుంది, రేపు మళ్లీ 134 రాస్తుంది.

వెతికించడానికి డబ్బు బాగా పనిచేస్తుంది. కాగితం ముక్కల మీద 100, 10, 1 అని రాసి నోట్లు చేయండి. వంద నోట్లు నాలుగు, ఒక రూపాయి నోట్లు రెండు పిల్ల చేతిలో పెట్టి "ఎంవీపీ రైతు బజార్లో 178 ఇవ్వాలి, సరిగ్గా లెక్కపెట్టి ఇవ్వు" అనండి. వంద నోటు మార్చితే పది పదులు వస్తాయి, ఒక్క పది కాదు. అందులో ఒక పదిని మార్చితే పది ఒకట్లు. ఇప్పుడు చేతిలో మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు ఒకట్లు. ఈ వాక్యం పిల్ల నోట రావాలి. వచ్చాక మాత్రమే సున్నా మీద తొమ్మిది రాయడం నేర్పండి. డబ్బు వద్దనుకుంటే ఒక కొబ్బరి చీపురు విప్పి, ఈనెలు చిన్న ముక్కలు చేసి, పదేసి రబ్బరు బ్యాండ్‌తో కట్టండి, పది కట్టలు కలిపి ఒక పెద్ద కట్ట. కట్టలు పిల్లలే కట్టాలి. షాపులో కొన్న ప్లాస్టిక్ కిట్ ఎంత అందంగా ఉన్నా పది ఒకట్లు కలిస్తే పది అయిందన్న అనుభవం అందులో ఉండదు, ముందే కట్టి ఇస్తారు కాబట్టి.

ఇలాంటిది ఒక్క లెక్క పూర్తిగా నమిలితే, స్థానవిలువ మీద వచ్చే సగం ప్రశ్నలకు జవాబు మీకే తెలుస్తుంది.

గుణకారం, భాగహారం

ఇందాకటి కుర్రాడి ప్రశ్న. 23 ను 14 తో గుణించేటప్పుడు మొదటి వరసలో 92. రెండో వరసలో 23 రాసి, ఒకట్ల కింద ఇంటూ గుర్తు పెడతాం. 14 లో ఉన్న ఆ ఒకటి ఒకటి కాదు, పది. 23 పదులంటే 230. ఇంటూ గుర్తు కూర్చున్నది సున్నా ఉండాల్సిన చోట. మొదటి నెలంతా గుర్తు పెట్టకుండా 230 అనే రాయించండి. గుర్తు తర్వాతెప్పుడో నేర్చుకోవచ్చు, నేర్చుకోకపోయినా నష్టం లేదు. గళ్ల కాగితం మీద 23 గళ్ల పొడవు, 14 గళ్ల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం గీసి, దాన్ని 20, 3 గానూ 10, 4 గానూ విడగొడితే నాలుగు ముక్కలు వస్తాయి: 200, 80, 30, 12. మొత్తం 322. ఈ బొమ్మ మీ కుడి పేజీలో తప్పకుండా ఉండాలి.

స్థానం జరపడం మర్చిపోయినవాడికి 92, 23 కలిపి 115 వస్తుంది. అప్పుడు "ఇరవై పదులెంత?" అని అడగండి. 200. "మరి ఇరవైకన్నా పెద్దదాన్ని పదికన్నా పెద్దదానితో గుణిస్తే 115 ఎలా వచ్చింది?" ముందు సుమారుగా అంచనా వేయడం అలవాటు చేస్తే ఇలాంటి తప్పులు పిల్లలే పట్టుకుంటారు. ముందు మీకు అలవాటు కావాలి. బస్సులో, కిరాణా కొట్లో ప్రతి బిల్లుకీ ముందుగా సుమారు చెప్పుకోండి.

ఎక్కాల గురించి ఒక మాట. ఎక్కాలు రావాలి, అందులో రెండో మాట లేదు. ఈ మధ్య కొందరు బట్టీ అనగానే ముఖం చిట్లిస్తున్నారు. కానీ ఏడెనిమిదులు మర్చిపోయినప్పుడు అయిదెనిమిదులు నలభై, రెండెనిమిదులు పదహారు, మొత్తం యాభై ఆరు అని తిరిగి కట్టుకోగలగాలి. బట్టీ, ఇదీ రెండూ కావాలి.

భాగహారానికి రెండు అర్థాలున్నాయి. పన్నెండు లడ్డూలు ముగ్గురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని? ఇది పంచడం. పన్నెండు లడ్డూలు మూడేసి చొప్పున పొట్లాలు కడితే ఎన్ని పొట్లాలు? ఇది గుంపులు చేయడం. జవాబు రెండింటికీ నాలుగే, చేతులు చేసే పని మాత్రం వేరు. మన టీచర్లలో ఎక్కువమంది మొదటిదే చెబుతారు. దాని ఫలితం పై తరగతుల్లో భిన్నాలు వచ్చేసరికి తెలుస్తుంది.

ఎలాగంటారా? ఒకటింముప్పావుని అరతో భాగించే లెక్కకు ఒక కథ చెప్పండి. ఇప్పుడే, కింద చదవకముందే. లీపింగ్ మా అనే పరిశోధకురాలు అమెరికాలో 23 మంది, చైనాలో 72 మంది ఎలిమెంటరీ టీచర్లను ఇదే అడిగి, 1999లో ఫలితాలు ప్రచురించారు. అమెరికన్ టీచర్లలో అర్థం చెడని కథ చెప్పగలిగింది ఒక్కరే. చైనాలో 90 శాతం మంది చెప్పగలిగారు, ఆ చైనా టీచర్లు మనకన్నా ఎక్కువ డిగ్రీలు చదివినవాళ్లేమీ కాదు. మా బడికి వచ్చినవాళ్లని నేను అడిగితే మొదట వచ్చే కథ ఎప్పుడూ ఇదే: "ఒకటింముప్పావు కిలో స్వీటు ఇద్దరికి పంచాలి." అది రెండుతో భాగించడం, అరతో కాదు.

గుంపులు చేయడం తెలిసినవాళ్లకి కథ వెంటనే తడుతుంది. అనకాపల్లి నుంచి ఒకటింముప్పావు కిలో బెల్లం తెచ్చారు. అరకిలో పొట్లాలు కట్టాలి. ఎన్ని పొట్లాలు? మూడు పొట్లాలు కట్టాక పావు కిలో మిగిలింది. మరి జవాబు మూడుంపావు అనాలా, మూడున్నర అనాలా? ఇక్కడ చాలామంది ఆగిపోతారు. మిగిలింది పావు కిలోయే, కానీ మనం లెక్కపెడుతున్నది పొట్లాల్ని. పావు కిలో అంటే సగం పొట్లం. జవాబు మూడున్నర. భాగించే భిన్నాన్ని తిరగేసి గుణించడం ఎందుకో కూడా ఈ బెల్లంలోనే ఉంది: ఒక్క కిలోకి రెండు పొట్లాలు, కాబట్టి ఎన్ని కిలోలుంటే అన్ని రెండ్లు.

ఈ లెక్క ఐదో తరగతి లోపల రాదు, మాకెందుకు అంటారు కొందరు. మూడో తరగతిలో మీరు నాటని అర్థం ఏడో తరగతిలో మొలవదు కాబట్టి.

పొడవు భాగహారంలో ఒక తప్పు మాత్రం తప్పకుండా చూసుకోండి. 612 ను 6 తో భాగిస్తే 12 రాస్తారు. ఆరులో ఆరు ఒకసారి, ఒకటిలో ఆరు పోదు, పన్నెండులో రెండుసార్లు. పోనప్పుడు సున్నా రాయాలన్నది మర్చిపోతారు. దీనికీ మందు అంచనాయే: ఆరు వందల్ని ఆరుతో భాగిస్తే వంద రావాలి కదా.

భిన్నాలు: కాస్త నెమ్మదిగా

ఒకటి బై రెండు ప్లస్ ఒకటి బై మూడు ఎంత? రెండు బై ఐదు అంటారు. పైవి పైవీ, కిందవి కిందవీ కలిపేస్తారు. దీనికి టీచర్లు చెప్పే జవాబు సాధారణంగా "అలా కలపకూడదు, కసాగు తీయాలి". పిల్లకి ఎందుకు కలపకూడదో తెలియదు. ముందు ఈ ప్రశ్న అడగండి: "రెండు బై ఐదు సగం కన్నా ఎక్కువా, తక్కువా?" తక్కువే. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువ ఎలా అవుతుంది? పిల్లలు ఈ మాటకు నిజంగా ఆశ్చర్యపోతారు.

ఇంకొంచెం లోతుకు వెళ్దాం, ఎందుకంటే పిల్ల చేసింది అర్థం లేని పని కాదు. నిన్న క్రికెట్‌లో రెండు బంతులాడి ఒకటి ఫోర్ కొట్టాడు, ఇవాళ మూడు బంతులాడి ఒకటి ఫోర్ కొట్టాడు. మొత్తం ఐదు బంతుల్లో రెండు ఫోర్లు. అక్కడ పైవి పైవీ, కిందవి కిందవీ కలపడం సరైనదే. టెస్టు మార్కులూ అలాగే కలుపుతాం. తేడా ఏమిటంటే, క్రికెట్లో మొత్తం మారుతూ పోతోంది, రెండు బంతులు, మూడు, ఆఖరికి ఐదు. భిన్నాల కూడికలో సగం, మూడోవంతు రెండూ ఒకే రొట్టెవి, ఒకే మీటరువి. మొత్తం ఏది అన్న ప్రశ్న అడగకుండా భిన్నం పాఠం ఒక్కటి కూడా మొదలుపెట్టకండి. మా తాతయ్య పొలంలో సగం, మీ కుండీలో సగం సమానమా అని రెండో తరగతిలోనే అడగొచ్చు.

గుండ్రటి బొమ్మల మీదే భిన్నాలు చెప్పడం మానండి. మూడు సమాన ముక్కలు పిల్లలు గుండ్రంలో గీయలేరు, మీరూ బోర్డు మీద గీయలేరు. కాగితం పట్టీలు మేలు. ఒకే పొడవున్న పట్టీలు కత్తిరించి, మడతపెట్టి, సగం, మూడోవంతు, పావు, ఆరోవంతు చేయండి. సగం పట్టీ, మూడోవంతు పట్టీ పక్కపక్కన పెట్టి ఆరోవంతులతో కొలిస్తే ఐదు పడతాయి. కసాగు ఎందుకు తీస్తున్నామో అప్పుడు కనిపిస్తుంది. ఆరోవంతు కన్నా ఎనిమిదోవంతు పెద్దదని, ఎందుకంటే ఆరు కన్నా ఎనిమిది పెద్దదని చెప్పే పిల్లలకీ ఈ పట్టీలే చాలు. తర్వాత ఆ పట్టీని సంఖ్యా రేఖ మీద పరవండి. భిన్నం కూడా ఒక సంఖ్యే, సున్నాకీ ఒకటికీ మధ్య దానికో చోటు ఉందని అక్కడే తెలియాలి.

మా బడిలో చేపలమ్ముకునే ఇళ్ల పిల్లలు చాలామంది. వాళ్లలో ఒక పిల్లని, కిలో 280 అయితే ముప్పావు కిలో ఎంతే అంటే 210 అని అడిగిన నోరు మూసేలోపు చెబుతుంది. ఎలాగే అంటే "అర నూట నలభై, పావు డెబ్బై" అంటుంది. అదే పిల్లని మూడు బై నాలుగు ఇంటూ 280 చేయమంటే పెన్సిల్ కొరుకుతుంది. ఇది మా బడి వింత కాదు. బ్రెజిల్‌లోని రెసీఫెలో వీధి వ్యాపారం చేసే పిల్లల మీద 1985లో ఒక ప్రసిద్ధ అధ్యయనం వచ్చింది. కొబ్బరికాయలు అమ్మే ఒక కుర్రాణ్ని ఒక కాయ 35 అయితే పది ఎంత అన్నారు. ఆ కుర్రాడు పక్కన సున్నా పెట్టలేదు. మూడింటికి 105, ఇంకో మూడింటికి 210 అంటూ పోగేసుకుంటూ 350 చెప్పాడు. బజారులో దాదాపు అన్నీ కరెక్టుగా చెప్పిన పిల్లలు అవే రకం లెక్కలు కాగితం మీద ఇస్తే మూడోవంతుకి కాస్త ఎక్కువ మాత్రమే చేయగలిగారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్ల పిల్లల మీద చేసి 2025లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇదే తేలింది. తిరగేసి చూస్తే, బళ్లో లెక్కలు బాగా చేసే పిల్లలు బజారు లెక్కల దగ్గర తడబడ్డారు.

కాబట్టి మీ ప్రిపరేషన్‌లో ఇది కూడా పెట్టుకోండి: ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కో పూర్ణా మార్కెట్‌కో వెళ్లి, చిల్లర ఎలా లెక్కగడుతున్నారో విని, ఆ పద్ధతిని యథాతథంగా నోట్‌బుక్‌లో రాయండి. చాలామంది తీసివేయరు, పైకి లెక్కపెడతారు. 178కి 2 కలిపితే 180, 20 కలిపితే 200, ఇంకో 202. మొత్తం 224. ఇది కూడా తీసివేతే. బోర్డు మీద దీనికి చోటివ్వండి.

దశాంశాలు, కొలతలు

దశాంశాలకు రైతు బజారు కాటా చాలు. తెర మీద 1.250 అని పడుతుంది. 1.5 కన్నా ఇది పెద్దదంటారు పిల్లలు, 250 ఐదు కన్నా పెద్దది కదా అని. కాటా మీద కిలోన్నర పెడితే 1.500 అని చూపిస్తుంది. అంతే, వాదన అయిపోతుంది. మూడున్నర రూపాయల్ని మూడు రూపాయల ఐదు పైసలుగా చదవడం కూడా ఇక్కడే సరిచేయండి.

పొడవులకు బీచ్ రోడ్డు వాడుకోండి. కుర్సురా సబ్‌మెరైన్ పొడవు 91.3 మీటర్లు. పది మీటర్ల తాడు తీసుకెళ్లి దాని పక్క కాలిబాట మీద పరుచుకుంటూ పోతే తొమ్మిది తాళ్లు పట్టి ఇంకా కొంచెం మిగలాలి. వంద మీటర్లంటే ఎంతో ఆ రోజు తర్వాత మీకు కాళ్లతో తెలుస్తుంది. చుట్టుకొలత, వైశాల్యం ఒకటే అనుకునే పిల్లలకు ఒకే తాడుతో వేర్వేరు దీర్ఘచతురస్రాలు చేయించి లోపల ఎన్ని గళ్లు పట్టాయో లెక్కపెట్టించండి. చతురస్రాన్ని కాస్త తిప్పి గీస్తే "డైమండ్" అంటారు. ఆకారాల్ని బోర్డు మీద ఎప్పుడూ నిటారుగానే గీసే టీచర్ల పుణ్యమది.

ఒకటో తరగతిని తేలికగా తీసుకోకండి

అందరూ ఐదో తరగతి లెక్కలకి భయపడతారు. నన్నడిగితే కష్టమైంది ఒకటో తరగతి. ఇరవై దాకా గడగడా చెప్పే పిల్ల ముందు ఏడు గవ్వలు పెట్టండి. ఒక గవ్వ మీద రెండుసార్లు వేలు పెడుతుంది, ఒకదాన్ని వదిలేస్తుంది. లెక్కపెట్టాక "ఎన్ని?" అంటే మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది. ఆఖరున చెప్పిన సంఖ్యే మొత్తం అని ఇంకా తెలియదు. రెండు వరసల్లో ఏడేసి గవ్వలు పెట్టి, ఒక వరసను దూరంగా జరిపితే "ఇందులో ఎక్కువున్నాయి" అంటుంది. పిల్లల ఆలోచన మీద పరిశోధించిన పియాజే చెప్పిన ఈ సంగతి టెట్ కోసం మీరు చదివే ఉంటారు. చదివి వదిలేయకండి, మీ ఇంట్లోనో వీధిలోనో ఐదేళ్ల పిల్లని కూర్చోబెట్టి చేసి చూడండి.

రెండో తరగతిలో నూట నాలుగు రాయమంటే 1004 రాస్తారు. విన్నది విన్నట్టు రాశారు, నూరు పక్కన నాలుగు. 100 అని రాసిన పొడుగు కార్డు మీద 4 అని రాసిన చిన్న కార్డు కుడివైపు చివర పెట్టి చూపించండి. ఇక ఇంగ్లిష్ మీడియం వచ్చాక థర్టీన్, థర్టీ వినడంలో తికమక కొత్తగా చేరింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉంది కాబట్టి మీరు రెండింటిలోనూ లెక్క చెప్పడం ప్రాక్టీస్ చేయాలి. ఆలోచన తెలుగులో చేయించి, పేరు ఇంగ్లిష్‌లో పెట్టించడం నాకు పనికొచ్చిన దారి.

నలుగురితో చేయండి

కుడి పేజీ ఒక్కరే నింపలేరు. మీకు తోచని తప్పు పక్కవాళ్లకి తోస్తుంది. భీమిలి డైట్‌లో (టీచర్ల శిక్షణ సంస్థలో) చదివే పిల్లలు కొందరు 900కే బస్సులో ఒక ఆట ఆడేవాళ్లు. ఒకరు తప్పు జవాబు చెబుతారు, మిగతావాళ్లు అది ఎలా వచ్చిందో కనిపెట్టాలి. రుషికొండ దాటేలోపు ఒకటి తేలాలి. ప్రిపరేషన్‌కి ఇంతకన్నా మంచి గ్రూప్ స్టడీ నేను చూడలేదు.

టీచింగ్ ప్రాక్టీస్‌కి బడికి వెళ్లిన మొదటి రోజే పాఠ్య పథకం, రంగు చార్టులు బయటికి తీయకండి. క్లాస్ టీచరుని అడిగి పిల్లల లెక్కల నోట్‌బుక్‌లు ఒక పూట తీసుకోండి. ఎర్ర ఇంకుతో కొట్టేసిన జవాబులే చూడండి. ఒకే రకం తప్పు ఎంతమంది చేశారో పక్కన గీతలు గీసుకోండి. మీ మొదటి పాఠం ఏదో ఆ గీతలు చెబుతాయి.

ఈ వారం కుడి పేజీలోకి ఇవి ఎక్కించుకోండి. 58, 67 కలిపితే 1115. 840 ను 4 తో భాగిస్తే 21. ఆరు సున్నాలు ఆరు. 2.5 కి 3.15 కలిపితే ఒక పిల్లకి 5.20 వచ్చింది, పక్కనున్న పిల్లకి 3.40 వచ్చింది. ఈ ఇద్దరి తప్పు ఒకటి కాదు. ఎవరికి ఏం తెలుసో, ఏం తెలియదో రాసి, ఒక్కొక్కరినీ అడగాల్సిన మొదటి ప్రశ్న ఏమిటో కూడా దాని కింద రాయండి.